ఆసేబ్ కాదు, థైరాయిడ్

మా ఇళ్ళల్లో బాలింతకు ఏదైనా జబ్బు చేస్తే దానికి రెండే పేర్లు. నజర్, లేకపోతే ఆసేబ్. ఆస్పత్రికి పోతే మూడో పేరు పెడతారు: ‘మీవాళ్ళంతే’. ఈ మూడు పేర్లనూ దాటి నా జబ్బు అసలు పేరు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

2012లో నాకు రెండో కాన్పు. చిల్లా స్నానం అయిన కొద్దిరోజులకే గుండెదడ, చేతుల వణుకు. తింటూనే చిక్కిపోయాను. నిద్ర లేదు. మా అత్తగారు ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. దర్గా నుంచి తావీజు తెచ్చి కట్టింది. ఆమెకు తెలిసిన వైద్యం అదే, ఆమె ప్రేమా అదే. అయిదో నెలకు అంతా తిరగబడింది. ఒళ్ళు బరువెక్కింది. జుట్టు కుచ్చులుగా ఊడింది. ఎండాకాలంలోనూ చలి. పిల్ల ఏడుస్తున్నా లేవబుద్ధి కాదు. ‘ఆసేబే’ అని తీర్మానించారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు నా బురఖా చూసింది, తర్వాత చీటీ మీద పేరు చూసింది. “మీలో వరసగా కంటూనే ఉంటారుగా, రక్తమెక్కడుంటుంది?” అంది. నాకిద్దరే పిల్లలు. ఆ సంగతి చెప్పేలోపే ఐరన్ మాత్రలు రాసేసింది.

ఇంకోచోట రక్తం పరీక్ష చేశారు. టీఎస్‌హెచ్ బాగా పెరిగింది. యాంటీ టీపీవో కూడా ఉందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్షణ శక్తి కొంత నెమ్మదిస్తుందట. కాన్పయ్యాక విజృంభించి, కొందరిలో థైరాయిడ్ గ్రంథి మీదే పడుతుంది. దెబ్బతిన్న గ్రంథిలోంచి నిలవున్న హార్మోను మొదట ఒక్కసారిగా కారుతుంది, అదే గుండెదడ. తర్వాత హార్మోను కరువు, అదే నీరసం. చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది. నాకు సర్దుకోలేదు. 1912లో జపాన్ డాక్టరు హషిమోటో రాసిన జబ్బు నాతో ఉండిపోయింది.

సొంత ఒళ్ళే తన భాగాన్ని పరాయిదనుకుని దాడి చేస్తుందని చెప్పినప్పుడు నాకు వింతనిపించలేదు. పుట్టిన నేలమీదే పరాయివాళ్ళమనిపించుకోవడం మాకు కొత్తేం కాదు.

చెల్లెళ్ళకు చెప్పాల్సింది ఒకటుంది. కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలూ తల్లి హార్మోనే ఆధారం. ‘కడుపుతో ఉన్నప్పుడు మందులొద్దు’ అని ఎవరన్నా థైరాక్సిన్ మానకండి. అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది కూడా. పాలిచ్చే తల్లీ వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రంజాన్‌లో నేను సహరీకి అరగంట ముందే లేచి, పరగడుపున వేసుకుంటాను.

తావీజు కట్టండి, మానండి, నాకు పేచీ లేదు. బాలింత దిగాలుగా కూర్చుంటే మాత్రం ఆ ఒక్క పరీక్ష చేయించండి. డాక్టర్లూ, మీరు కూడా చీటీ మీద పేరు చదివి ఆగిపోకండి. దాని కింద రాసి ఉన్న బాధ కూడా చదవండి.