పాత లాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ

ఈ లాప్‌టాప్ బీటెక్ మొదటి ఏడాది నాటిది. ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. కొత్తది కొనడానికి చీటీ పాడతానన్నారు నాన్న. ఆ చీటీ చెల్లి ఫీజు కోసం కడుతున్నది. వద్దన్నాను.

నిజానికి ప్రాసెసర్ బాగానే ఉంది. హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన డేటా హెడ్ కిందికి వచ్చేదాకా మిగతా యంత్రమంతా ఆగాల్సిందే. వేల చిన్న ఫైళ్లు చదవాల్సి వస్తే ఆ ఆలస్యాలన్నీ కలిసి నిమిషాలవుతాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు, అంతా నాండ్ ఫ్లాష్ చిప్‌లే. పాత సాటా పోర్టులో పెట్టినా సెకనుకు 500 ఎంబీ దాకా చదువుతుంది. (ఎన్‌వీఎంఈ కొనేముందు మాత్రం మీ లాప్‌టాప్‌లో దానికి స్లాట్ ఉందో లేదో చూసుకోండి.)

500 జీబీ డిస్క్ పీడీఎఫ్‌లతో నిండిపోయింది కాబట్టి 1 టీబీ తీసుకున్నాను. రాత్రంతా క్లోనింగ్ పెట్టి, పొద్దున స్క్రూలు విప్పి మార్చాను. పాత డిస్క్ ఇప్పుడు యూఎస్‌బీ కేసులో ఉంది, నోట్స్ బ్యాకప్‌కి. ఎస్‌ఎస్‌డీ చెప్పకుండా పోతుంది, పోయాక డేటా రాబట్టడం కష్టం.

జీఎస్-3కి ఒక మాట. 2021 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన 76,000 కోట్ల సెమీకండక్టర్ కార్యక్రమం గురించి రాసేటప్పుడు చాలామంది సానంద్‌లోని మైక్రాన్ ప్లాంటును ఫ్యాబ్ అనేస్తున్నారు. అక్కడ జరిగేది డీర్యామ్, నాండ్ చిప్‌ల అసెంబ్లీ, టెస్టింగ్, ప్యాకేజింగ్.