ఊరు అనే పట్టణం

మాది బషీరాబాద్ మండలంలో ఒక తండా. ఆరో తరగతిలో చేరిన రోజు పక్కన కూర్చున్న పిల్లవాడు "మీదే ఊరు?" అని అడిగాడు. తండా పేరు చెప్పాను. "అది ఊరు కాదు గదా, తండా" అన్నాడు. ఎగతాళి చేయలేదు, ఉన్నమాటే అన్నాడు. అప్పట్లో మా తండా పక్క గ్రామంలో భాగం. సర్పంచి సంతకం కావాలన్నా అక్కడికే నడవాలి. అయినా ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

మా తండాలో కొన్ని ఇళ్లవాళ్లు సేవాభాయాను కొలుస్తారు, కొన్ని ఇళ్లవాళ్లు ఆదివారం ప్రార్థనకు పోతారు. మా దాది రెండింటికీ పోయేది. ఒక ఆదివారం వేపచెట్టు కింద పాస్టరు గారు అబ్రాహాము కథ చెప్పారు. అబ్రాహాము కుటుంబం కల్దీయుల దేశంలోని ఒక పట్టణం నుంచి బయలుదేరింది. ఆ పట్టణం పేరు ఊరు. నేను ఒక్కసారి తలెత్తి చూశాను. తర్వాత ఆయన బతుకంతా డేరాల్లోనే గడిచిందట.

ఇంటికొచ్చాక దాది మా గోర్ బోలీలో ఒక మాట అంది. తెలుగులో చెప్పాలంటే ఇది: "ఆయన ఊరు ఇడిసి డేరాలకు పోయిండు. మనం డేరాలు ఇడిసి ఊరు కోసం చూస్తున్నం."

పెద్దయ్యాక ఆ పట్టణం గురించి చదివాను. దక్షిణ ఇరాక్‌లో నాసిరియా దగ్గర దాని శిథిలాలున్నాయి. 1922 నుంచి 1934 వరకు లెనార్డ్ వూలీ అక్కడ తవ్వకాలు జరిపాడు. అబ్రాహాము ఊరు ఇది కాదు, టర్కీలోని ఉర్ఫా అనేవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది చూపించేది మాత్రం ఈ చోటునే. సుమారు 4,100 ఏళ్ల కింద ఊర్-నమ్ము అనే రాజు చంద్రదేవుడికి అక్కడ పెద్ద మెట్ల గోపురం మొదలుపెట్టాడు. మన తాండూరు, బషీరాబాద్ వైపు తవ్వితే నాపరాయి తగులుతుంది. అక్కడ రాయి కరువు. లోపల పచ్చి ఇటుక, బయట కాల్చిన ఇటుక పేర్చి, నేలలో దొరికే తారుతో అతికించారు.

అక్కడి రాజ సమాధుల్లో సింధు నాగరికత నుంచి వెళ్లిన ఎర్రరాతి పూసలు దొరికాయి. దాది మెడలోని పూసలు గుర్తొచ్చాయి. వాటికీ వీటికీ చుట్టరికం కలపను. కానీ అంత దూరం సరుకు మోసినవాళ్లు ఎవరో ఉంటారు గదా! రాజు పేరు ఇటుకల మీద ముద్రించి ఉంది, మోసినవాళ్ల పేర్లు లేవు. మా తాతలదీ అదే కథ. లదేణి కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని మొగలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు చేరవేశారు. 1874లో సికింద్రాబాద్ నుంచి తాండూరు మీదుగా వాడికి రైలు పడింది. రోడ్లు, రైళ్లు వచ్చాక ఎద్దుల బరువు బండ్లకెక్కింది. బిడారులు ఆగిన చోట్లే తండాలయ్యాయి. అబ్రాహాము పిలుపు విని కదిలాడు, మావాళ్లు బతుకుదెరువు పోయి ఆగారు. రెండూ ఒకటని అనను.

యూఫ్రటీస్ నది పక్కకు జరిగిపోయింది. నీళ్లు లేక సుమారు 2,400 ఏళ్ల కింద ఆ మహానగరం ఖాళీ అయింది. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ఈనాటికీ తమ మూలపురుషుడిగా తలుచుకునేది మాత్రం దాన్ని విడిచి డేరాల్లో బతికిన మనిషిని. 2021 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ అక్కడ వేర్వేరు మతాల పెద్దలతో కలిసి కూర్చున్నదీ ఆయన పేరు మీదే.

2018లో తెలంగాణలో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మాదీ అయింది. బోర్డు చూడటానికి దాది లేదు. సంతకం కోసం ఇప్పుడు పక్క గ్రామానికి నడవం. అది చిన్న సంగతి కాదు. కానీ బోర్డు రాకముందు కూడా అక్కడ మనుషులున్నారు, తీజ్ పండుగ ఉంది, నాయక్ ముందు తీరిన తగవులున్నాయి.

ఇప్పుడు నేను పంతులును. బడిలో చేర్చుకునేటప్పుడు ఊరేదని అడిగితే కొందరు పిల్లలు పక్క గ్రామం పేరు చెప్పి ఆగుతారు. "ఇల్లెక్కడ?" అంటాను. "తండాల సార్" అని గొంతు తగ్గించి చెబుతారు. నేను పేరు అడిగి, రిజిస్టరులో ఊరు అని ఉన్నచోట ఆ తండా పేరే రాస్తాను. రాసింది వాళ్లకు చూపిస్తాను.