లండన్‌లో ఓ రష్యన్, మైసూరులో ఓ శ్రోత

లండన్ వచ్చే చుట్టాలకి మనం బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి చూపిస్తాం. సంగీతం ఇష్టపడేవాళ్లొస్తే నేను గోల్డర్స్ గ్రీన్ కూడా తీసుకెళ్తాను.

నార్తర్న్ లైన్‌లో ఆ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వెంట్‌వర్త్ రోడ్ వస్తుంది. అక్కడ 69వ నంబరు ఇల్లు చుట్టుపక్కల ఇళ్లలాంటిదే. ఇప్పుడు వేరేవాళ్లుంటారు కాబట్టి బయట నుంచే చూడాలి. నికొలాయ్ మెట్నర్ అనే రష్యన్ స్వరకర్త ఉన్న ఇల్లది.

1880లో మాస్కోలో పుట్టిన మెట్నర్, విప్లవం తర్వాత 1921లో దేశం విడిచి, జర్మనీ, ఫ్రాన్స్ తిరిగి 1930లలో లండన్ చేరాడు. పుష్కిన్, గేటే కవితలకి బాణీలు కట్టాడు. పియానో మీద వాయించే చిన్న రచనలకి 'స్కాజ్కీ', అంటే కథలు, అని పేరు పెట్టుకున్నాడు. ప్రాణస్నేహితుడు రఖ్మానినోవ్‌కి వచ్చినంత పేరు ఆయనకి రాలేదు. కొత్త పోకడలు నచ్చక, వాటిని విమర్శిస్తూ 1935లో ఓ పుస్తకమే రాశాడు. యుద్ధం రావడంతో జర్మనీ ప్రచురణకర్తల నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. దానికితోడు గుండె జబ్బు.

అప్పుడు ఆదుకున్నది మైసూరు మహారాజు జయచామరాజ ఒడయార్. అప్పటికి ఆయనకి ముప్పై కూడా నిండలేదు. పియానో వాయించేవాడు, స్వయంగా కర్ణాటక కృతులు రాసినవాడు. తెలుగులో కృతులు రాసిన మైసూరు వాసుదేవాచార్యులు ఉన్న ఆస్థానమే అది. మహారాజు ఇచ్చిన డబ్బుతో మెట్నర్ సొసైటీ పుట్టింది. 1947 నుంచి మెట్నర్ తన రచనల్ని తానే వాయించి, హెచ్ఎంవీ రికార్డులకి ఎక్కించాడు. మూడు కాన్చెర్టోలూ వాటిలో ఉన్నాయి. మూడోదాన్ని మహారాజుకే అంకితమిచ్చాడు.

1951లో మెట్నర్ పోయాడు. సమాధి హెండన్ శ్మశానంలో, అన్న ఎమిల్ సమాధి దగ్గరే ఉంది. మిల్ హిల్ ఈస్ట్ స్టేషన్ నుంచి వెళ్లొచ్చు. తర్వాత ఆయన భార్య ఆన్నా మాస్కో తిరిగి వెళ్లింది. 1959 నుంచి 1963 వరకు అక్కడ ఆయన రచనలన్నీ 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. దేశం వదిలిన మనిషి సంగీతం అలా ఇంటికి చేరింది.

పరాయి దేశంలో మన పిల్లలకి పాటో, పద్యమో నేర్పుతుంటే, ఇక్కడ ఎవరు వింటారులే అనిపిస్తుంది ఒక్కోసారి. మెట్నర్‌ని అర్థం చేసుకున్న శ్రోత కొన్ని వేల మైళ్ల అవతల, వేరే సంగీతంలో పెరిగినవాడు. ఆ రికార్డులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వెంట్‌వర్త్ రోడ్‌కి వెళ్లేముందు మూడో కాన్చెర్టో ఒకసారి వినండి.