మ్యూ లేని సమీకరణం

సెప్టెంబర్ 9, 2024. జెర్సీ సిటీ

స్టోకాస్టిక్ కాలిక్యులస్ క్లాసులో ప్రొఫెసర్ బోర్డు మీద మొట్టమొదట రాసింది 1900. ఆ ఏడాది పారిస్‌లో లూయీ బాషెలియే స్పెక్యులేషన్ మీద థీసిస్ సమర్పించాడు. దాన్ని పరీక్షించినవాళ్లలో పాంకరే ఉన్నాడు. బ్రౌనియన్ చలనం మీద ఐన్‌స్టీన్ పేపరు 1905లో గానీ రాలేదు. నీళ్లలో రేణువుల కంటే ఐదేళ్ల ముందే బాండ్ల ధరలకు ఈ లెక్క కట్టేశారన్నమాట. ఆ మాట విన్నాక, ఫిజిక్స్ చదివొచ్చి నా పక్కన కూర్చున్న కుర్రాడి మొహం చూడాల్సిందే.

సెప్టెంబర్ 24

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కొత్త అధ్యయనం బయటికొచ్చింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మందికి నష్టమే. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఖర్చులు పోగా లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నది ఒక్క శాతం. 2023-24లో ఆడినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది తమ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపేనని చెప్పుకున్నారు. అవతలి గట్టున విదేశీ సంస్థలు, బ్రోకర్ల సొంత డెస్కులు. వాళ్ల లాభంలో 95 శాతానికి పైగా అల్గారిదమ్‌లతో వచ్చిందే. అలాంటి అల్గారిదమ్‌లు రాయడం నేర్చుకోవడానికే నేను ఇక్కడ ఫీజు కడుతున్నాను. ఈ సంగతి పక్కకు నెట్టేసి నిద్రపోవడం కష్టమే.

కూకట్‌పల్లి బావకు రిపోర్టు పంపాను. అరగంటలో జవాబు: "మంచిగుంది. గురువారం ఎక్స్‌పైరీ ఉన్నది, నిఫ్టీల ఏ స్ట్రైక్ తీసుకోమంటవ్?"

మా ఇంటివాళ్లందరి లెక్కలో నేను షేర్ల జాతకం చెప్పడం నేర్చుకోవడానికి అమెరికా వచ్చాను.

అక్టోబర్ 19

1987లో ఇదే తేదీన డౌ జోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. పెద్ద ఫండ్లు అప్పటికే 'పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్' పెట్టుకుని ఉన్నాయి. మార్కెట్ పడేకొద్దీ ఫ్యూచర్స్ అమ్ముతూ పోవడమే ఆ ఏర్పాటు. ఒక్కడు చేస్తే బీమా, అందరూ కలిసి చేస్తే తొక్కిసలాట. అప్పటినుంచి ఇండెక్స్ ఆప్షన్లలో, బాగా కింద ఉన్న స్ట్రైక్‌ల పుట్‌లకు, అంటే మార్కెట్ పడితే కాపాడే ఆప్షన్లకు, జనం ఎక్కువ వోలటిలిటీ (ఊపు) లెక్కగట్టి కొంటున్నారు. గ్రాఫు గీస్తే గీత వంకర తిరుగుతుంది. మూడో హోంవర్కు ఆ వంకర మీదే.

అక్టోబర్ 29

ఇవాళ ఆప్షన్ ధర కట్టే బ్లాక్-షోల్స్ సమీకరణం మొదలు నుంచి చివరిదాకా చేత్తో రాబట్టాం. 1973లో వచ్చిన పేపరు అది. అంతకుముందు రెండు జర్నళ్లు దాన్ని తిప్పి పంపాయి. అదే ఏడాది ఏప్రిల్ 26న షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ తెరిచారు, 16 కంపెనీల కాల్ ఆప్షన్లతో.

రాబట్టేటప్పుడు సగం దారిలో ఒకటి జరుగుతుంది. షేరు సగటున ఎంత పెరుగుతుందో చెప్పే అక్షరం మ్యూ. ఆప్షన్ ఒకటి అమ్మి, దానికి సరిపడా, అంటే డెల్టా అన్ని, షేర్లు కొని చేతిలో పెట్టుకుంటే రెండు వైపులా ఉన్న మ్యూలు ఒకదాన్నొకటి కొట్టేసుకుపోతాయి. మిగిలేది వడ్డీ రేటు, వోలటిలిటీ. షేరు ఎగురుతుందని నేను నమ్మినా, కూలుతుందని నువ్వు నమ్మినా, అది ఎంతగా ఊగుతుందన్న దాంట్లో ఇద్దరం ఒప్పుకుంటే ఆప్షన్ ధర ఇద్దరికీ ఒక్కటే.

లెక్క ఏడాది కిందటే పుస్తకంలో చూశాను. చేత్తో రాస్తే గానీ దాని మొండితనం తెలియలేదు. ఈ శాస్త్రానికి రేపటి మీద అభిప్రాయమే లేదు. రిస్కు ఎవరి నెత్తిన ఉంది, దాన్ని దింపుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది, అది ఒక్కటే దాని గోల. ఈ ముక్క బావకు ఎలా చెప్పాలి? ఆయన అడిగేదంతా మ్యూ గురించే.

నవంబర్ 17

ఆ సమీకరణాన్ని రాబట్టడానికి వాడిన ఇటో సూత్రం వెనక ఇంకొకడున్నాడు. వోల్ఫ్‌గాంగ్ డోబ్లిన్, నవలాకారుడు ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ కొడుకు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు కుటుంబం. ఫ్రెంచి సైన్యంలో సిపాయిగా ఉంటూ రాసుకున్న గణితాన్ని 1940 ఫిబ్రవరిలో సీలు వేసి పారిస్ సైన్స్ అకాడమీకి పంపాడు. జూన్‌లో జర్మన్లు చుట్టుముడుతుంటే కాగితాలు కాల్చేసి ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఐదేళ్లవాడు. ఆ కవరు 2000 సంవత్సరంలో విప్పితే లోపల ఇటో సూత్రానికి దగ్గరి రూపం ఉంది. ఇటో తన పేపరు రాసింది 1942లో, టోక్యోలో ప్రభుత్వ గణాంక కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ.

ఇద్దరిలో ఎవరి మనసులోనూ షేర్ మార్కెట్ లేదు.

డిసెంబర్ 6

ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ, ఫోన్‌లో. నాణెం వరసగా ఎగరేస్తుంటే బొమ్మ-బొమ్మ పడడానికి సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి, బొమ్మ-బొరుసుకు ఎన్నిసార్లు? మొదటిదానికి 6, రెండోదానికి 4. బొమ్మ పడ్డాక బొరుసు కోసం చూస్తూ మళ్లీ బొమ్మే పడినా మనం ఎక్కిన మెట్టు మీదే ఉంటాం. బొమ్మ-బొమ్మ కోసం చూస్తుంటే బొరుసు పడగానే మళ్లీ మొదటికొస్తాం. చెప్పాను. అటునుంచి 'గుడ్' అన్నారు. తర్వాత వీసా అడిగారు. ఏడాది ఓపీటీ, దాని మీద స్టెమ్ కింద ఇంకో 24 నెలలు అని చెప్పాను. ఈసారి 'గుడ్' అనలేదు.

జనవరి 14, 2025

సంక్రాంతి. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ఇవాళ మొదలైంది. మా ఆర్మూరు దిక్కు రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నది. బాపు గొంతులో సంబురం ఉంది, అయితే కొలత పెట్టి.

"బోర్డు అచ్చింది మంచిదే బిడ్డా. రేటు రావాలె గద."

పోయినేటి కొమ్ములు ఇంకా గోదాంలో ఉన్నాయి. కొత్త పంట తవ్వకానికొస్తోంది. ఎందుకు అమ్మలేదని అడిగితే బాపు ధర పెరుగుతదనీ అనలేదు, తగ్గుతదనీ అనలేదు. గోదాం కిరాయి ఇంత, బ్యాంకు మిత్తి ఇంత, పురుగు పట్టకుండా మందుకు ఇంత, తూకంలో తరుగు ఇంత అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. "ఇవన్నీ పోను, ఇంకో రెండు నెలలు ఉంచుకుంటే నాకు పడేది ఇంత. అందుకే ఉంచిన."

అమెరికన్ ఆప్షన్ మీద మా క్లాసులో ఇంత శుభ్రంగా మాట్లాడినవాళ్లు లేరు. గడువులోగా ఏ రోజైనా వాడుకోగల హక్కు అది. వాడేస్తే చేతికి డబ్బు వస్తుంది, హక్కు పోతుంది. ఆగితే ఖర్చు నడుస్తుంది, హక్కు ఉంటుంది. బాపు ఇరవై ఏళ్లుగా ఏటా ఒకటి చేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఫిబ్రవరి 3

డాలరు మొదటిసారి 87 రూపాయలు దాటింది. నా అప్పు రూపాయల్లో, ఫీజు డాలర్లలో. వచ్చే సెమిస్టర్‌కు అవే డాలర్లు, ఎక్కువ రూపాయలు. ఇక్కడ ఉద్యోగం వస్తే ఇదే తిరగబడి నాకు లాభం. రాకపోతే లేదు. ఫారిన్ ఎక్స్ఛేంజ్ క్లాసులో దీన్ని హెడ్జ్ చేయని పొజిషన్ అంటారు, మార్కులు తగ్గిస్తారు. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఇదే పొజిషన్ మీద చదువుతున్నారు. కాకపోతే మాలో ఎవరమూ దాన్ని పొజిషన్ అనుకోలేదు, 'పిల్ల పైచదువు' అనుకున్నాం.

మార్చి 11

బాషెలియే మోడల్‌ను చాలాకాలం ఒక్క తప్పుకే పక్కన పెట్టారు: అందులో ధర సున్నా కిందికి పోగలదు. షేరు ధర అలా పోదు కదా అని దాన్ని సవరించారు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల కాంట్రాక్టు బ్యారెల్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కొవిడ్‌తో వాడకం పడిపోయింది, ఓక్లహోమాలోని కుషింగ్‌లో ట్యాంకుల్లో చోటు దొరకడం లేదు, కాంట్రాక్టు గడువు మర్నాడే. చమురు తీసుకుపొమ్మని ఎదురు డబ్బిచ్చారు. లాగరిథమ్‌ల మీద నిలబడ్డ ప్రోగ్రాములకు మైనస్ ధర మింగుడుపడదు. రెండు రోజుల్లో ఆ కాంట్రాక్టులు నడిపే షికాగో ఎక్స్ఛేంజ్ చమురు ఆప్షన్లకు బాషెలియే పద్ధతికి మారింది.

రాత్రి బాపుకు చెప్పాను, నమ్మడనుకుని. "గిందులో ఏమున్నది? మదనపల్లెల టమాట రోడ్డు మీద పారబోస్తరు గద. కోతకూలి, లారీ కిరాయి రాకుంటే దాని ధర సున్నకు కిందనే ఉన్నట్టు."

ఏప్రిల్ 9

అమెరికా దిగుమతి సుంకాల దెబ్బకు 3, 4 తేదీల్లో ఎస్‌అండ్‌పీ 500 రెండు రోజుల్లో పది శాతానికి పైగా పడింది. నిన్న, మార్కెట్ ఊపును కొలిచే విక్స్ 52.33 దగ్గర ముగిసింది. ఇవాళ మధ్యాహ్నం సుంకాలు 90 రోజులు ఆపుతున్నారన్న కబురు రాగానే ఎస్‌అండ్‌పీ ఎగిరి 9.52 శాతం లాభంతో ముగిసింది. రోజువారీ ఊపు ఒక శాతం అనుకుని సాధారణ పంపిణీలో వేసి చూస్తే, ఇలాంటి రోజు విశ్వం పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కటి కూడా వచ్చి ఉండకూడదు. పాఠం అలాగే కొనసాగింది. చివరి పరీక్షలో సాధారణ పంపిణీయే.

జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలు దిగి, న్యూఆర్క్ అవెన్యూలో ఇడ్లీ తింటూ బావకు ఫోన్ చేశాను. అమెరికా ఆప్షన్లలో ఖాతా తెరవాలనుకుంటున్నాడట.

జూన్ 15

వేసవి ప్రాజెక్టుకు పసుపు తీసుకున్నాను. లాంగ్‌స్టాఫ్, ష్వార్ట్జ్ 2001లో ఇచ్చిన పద్ధతి: కంప్యూటర్‌లో వేలకొద్దీ ధరల దారులు గీసి, చివరి రోజు నుంచి వెనక్కి నడుస్తూ, ప్రతి మెట్టు దగ్గరా 'ఇప్పుడే అమ్మితే ఎంత, ఆగితే సగటున ఎంత' అని రిగ్రెషన్‌తో తేల్చుకుంటూ రావాలి. తప్పు సగానికి తగ్గాలంటే దారులు నాలుగు రెట్లు కావాలి. నా పాత ల్యాప్‌టాప్ రాత్రంతా గుర్రుపెడుతోంది.

ఖర్చులన్నీ బాపు జనవరిలో చెప్పిన పట్టీలోవే. ఆ పట్టీలో లేనిది ఒకటుంది, బిడ్డ ఫీజు. డబ్బు ఎప్పుడు అవసరమో ముందే ఖాయమైపోతే అమెరికన్ ఆప్షన్ కాస్తా, గడువు రోజునే వాడగల యూరోపియన్ అయి కూర్చుంటుంది, విలువ తగ్గుతుంది. ప్రోగ్రాములో ఆ వరుస ఎక్కించాను. ఎంత తగ్గిందో వచ్చింది. బాపుకు ఆ అంకె చెప్పను.

జులై 7

అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ మీద సెబీ మధ్యంతర ఉత్తర్వు. 4,843.57 కోట్ల రూపాయలు జప్తు చేయమంది. ఎక్స్‌పైరీ రోజుల్లో ఉదయం బ్యాంక్ నిఫ్టీ షేర్లు, ఫ్యూచర్స్ కొని సూచీని లేపి, అదే సమయంలో ఆప్షన్లలో పడిపోతుందన్న వైపు భారీగా నిలబడి, తర్వాత షేర్లు అమ్మేశారన్నది ఆరోపణ. మేం చేసింది మామూలు ఇండెక్స్ ఆర్బిట్రేజ్, అంటే ధరల తేడాను వాడుకోవడమే, అంటోంది కంపెనీ. తేలాల్సింది ఇంకా చాలా ఉంది.

మా వాట్సాప్ గ్రూపులో సగం మంది ఆర్బిట్రేజ్ అంటున్నారు, ఇంకో సగం అక్కడ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నవాళ్లు. నాకు మాత్రం అక్టోబర్‌లో రాబట్టిన సమీకరణంలో మొదటి పేజీ మీది ఊహ గుర్తొచ్చింది: నువ్వు ఎంత కొన్నా, ఎంత అమ్మినా ధర కదలదు. మ్యూ పోవాలంటే ఆ ఊహ నిలబడాలి. చిన్నవాడి విషయంలో నిలబడుతుంది. చిన్నవాడికేమో ఆ సమీకరణంతో పనే పడదు.

జులై 13

బాపుకు ఫ్యూచర్స్ అమ్మి ధర కట్టేసుకోవడం వివరించాను. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు కాంట్రాక్టు ఉంది, ప్రధాన డెలివరీ కేంద్రం నిజామాబాదే. ఒక్కో కాంట్రాక్టు 5 టన్నులు.

"ధర పెరిగితే?"

"గోదాంల సరుకు విలువ పెరుగుతది బాపూ. కాంట్రాక్టుల నష్టం అస్తది. రెండూ సమానం."

"కాంట్రాక్టు నష్టం ఎప్పుడు కట్టాలె?"

"ఆ రోజుదారోజే."

"సరుకు పైసలు?"

"అమ్మినప్పుడు."

2023లో పసుపు ధర వేసవి నుంచి ఆగస్టుకు రెండింతలు దాటింది. అప్పుడు ఇలా కట్టేసుకున్న రైతు ఉంటే నెలల తరబడి రోజూ బ్రోకరుకు మార్జిన్ పంపాల్సి వచ్చేది, గోదాం నిండా బంగారం పెట్టుకుని. బాపు అడగకముందే ఈ లెక్క చెప్పాను.

"మరి ఆ మార్జిన్‌కు అప్పిచ్చేటోడు ఎవడన్న ఉన్నడా? వాని మిత్తి ఎంత?"

ప్రోగ్రాములో ఆ వరుస లేదు. రేపు చేర్చాలి. ముందు ఆర్మూరులో వడ్డీ ఎంత నడుస్తోందో కనుక్కోవాలి.