పల్నాడులోనూ చలి ఉంది!

దాచేపల్లిలో చలేమిటని నవ్వుతున్నారు కదూ! నిజమే, పల్నాడంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎండలే. వేసవి రాగానే పక్కనున్న రెంటచింతల పేరు పేపర్లో మీరూ చదివే ఉంటారు. కానీ ఒక్కసారి పుష్యమాసంలో వచ్చి చూడండి. నాగులేటి మీది గాలి, కింద నాపరాళ్ళ గచ్చు... తెల్లవారుజామున కాలు కింద పెడితే జివ్వుమంటుంది.

పిడుగురాళ్ళ వైపు నుంచి బస్సులో వస్తుంటే ముందు సున్నపు బట్టీలు, తర్వాత పత్తి, మిరప చేలు కనిపిస్తాయి. ఊళ్ళోకొస్తే పెరళ్ళలో పత్తికట్టె కుప్పలు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక వంట గ్యాసు మీదికి మారింది గానీ, నీళ్ళకాగు కింద ఇప్పటికీ చాలా ఇళ్ళలో కట్టే. పత్తికట్టె సంగతి తెలుసుగా! భగ్గున అంటుకుంటుంది, అంతలోనే ఆరిపోతుంది. పొయ్యి దగ్గర్నించి లేవనివ్వదు. పచ్చిదైతే ఇక కళ్ళు కనపడవు. పైగా ఎండుకాయలతో సహా నిలవచేస్తే గులాబీరంగు పురుగు అందులోనే దాక్కుంటుందని వ్యవసాయం వాళ్ళు వద్దంటారు. అందుకని చాలామంది చేలోనే తగలబెట్టేస్తున్నారు.

ఇల్లు వెచ్చబెట్టుకునే అలవాటు మనకు లేదు, ఒక్క బాలింత గది తప్ప. తలుపులు, కిటికీలు బిగించి మంచం కింద కుంపటి పెడతారు. కిందటేడు మా అమ్మాయి పురిటికొచ్చినప్పుడు మా అత్తయ్యకూ నాకూ వాదం వచ్చింది దీని దగ్గరే. "నిప్పులు ఎర్రగా ఉన్నయ్, పొగే లేదు, భయమేంది? మేమంతా బతకలా?" అందావిడ. అసలు భయం ఆ పొగలేని నిప్పుతోనేనండీ! బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు రోజులు మాటల్లేకపోయినా సరే, కుంపటి వాకిట్లోకి పంపించాను. వేడినీళ్ళ సీసాలతో పక్క వెచ్చబరిచి, సీసాలు తీసేశాకే పసివాణ్ణి పడుకోబెట్టాం. మిగతా వెచ్చదనం తల్లి ఒంటి నుంచే.

అప్పుడే, అమెరికాలో ఉండే మా ఆడపడుచు కూతురు ఫోనులో వాళ్ళ పొయ్యి చూపించింది. అక్కడ పాత ఇళ్ళలో గోడలో కట్టెల గూడు ఉంటుంది. ఆ గూట్లోకి సరిగ్గా ఇమిడే ఇనప పొయ్యి అది. కాల్చేది కట్టె కాదు, రంపపు పొట్టును గట్టిగా నొక్కిచేసిన గుళికలు. (గుళికలంటే మనకు పురుగుమందే గుర్తొస్తుందనుకోండి!) పెన్సిలంత లావున, అంగుళం లోపు ఉంటాయి. పద్దెనిమిది కిలోల బస్తా ఒకేసారి పోసేస్తే మర కొంచెం కొంచెంగా మంటలోకి తోస్తుంది. ఫ్యాను వెచ్చని గాలిని గదిలోకి పంపుతుంది, పొగేమో గొట్టంలోంచి బయటికి పోతుంది. కరెంటు పోతే మాత్రం ఆగిపోతుందట.

మన పొట్టు పొయ్యికి పెద్దక్కలా లేదూ? డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా తీసేసి కింద నుంచి అంటిస్తే గంటల తరబడి మండేది. గుట్టంతా పొడిగా ఉండటంలోనూ, గట్టిగా నొక్కడంలోనూ ఉంది.

"మన పత్తికట్టెతో చెయ్యరా?" అనడిగింది అత్తయ్య. చేస్తారు. పత్తికట్టెను ముక్కలు చేసి గుళికలుగా నొక్కే పద్ధతి మీద సిర్కాట్ అనే కేంద్ర పరిశోధన సంస్థ పనిచేసింది. 2021లో కేంద్రం థర్మల్ విద్యుత్ కేంద్రాలను బొగ్గుతో పాటు పంట వ్యర్థాల గుళికలు 5 శాతం కలపమని చెప్పింది. చేలో బూడిదయ్యే కట్టెకు నాలుగు రూపాయలొస్తే రైతు ఇల్లాలికంటే సంతోషించేదెవరు చెప్పండి!

మేమైతే కాగు పొయ్యిని పంచలోంచి పెరట్లోకి మార్చి రేకు గొట్టం పెట్టించాం. కాయలు దులిపి, జానెడు ముక్కలు కొట్టించి, బాగా ఎండాకే కట్టె వాడుతున్నాం. గొట్టంలో మసి నెలకోసారి దులపాలి, ఆ పని మా వారిది.