ఏదో మంచు లెండి

పోయిన నెల పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు అబ్బాయి తల్లిగారు "మీ అమ్మాయి పీహెచ్‌డీ దేనిమీదండీ?" అని అడిగారు. "ఏదో మంచు మీద లెండి, అంతా కంప్యూటర్‌లోనే" అనేశాను. కాఫీ కప్పులు తీస్తున్న మా అమ్మాయి విన్నది. ఏమీ అనలేదు. అనుంటే బావుండేది.

రాత్రి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, రెండేళ్ళయింది. నా పనేమిటని ఒక్కసారైనా అడిగావా?" అంది. నిజమే. రోజూ ఫోన్‌లో తిన్నావా, హాస్టల్లో నీళ్ళొస్తున్నాయా అనే అడిగాను. "అయితే ఇప్పుడు చెప్పు" అన్నాను.

తెలుగు బీఏ చదివినదాన్ని. మనకి గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. దానికి అలా కుదరదట. సముద్రపు నీరే గడ్డకడితే అది సముద్రపు మంచు. ఉప్పునీరు కదా, సున్నా దగ్గర కాదు, మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మీటరో రెండు మీటర్లో మందం, అంటార్కిటికా చుట్టూ చాలావరకు ఏటా ఏర్పడి ఏటా కరుగుతుంది. ఐస్ షెల్ఫ్ వేరు. నేలమీద ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు జారివచ్చి సముద్రం మీద తేలే పలక, వందల మీటర్ల మందం.

గాజు గ్లాసులో ఐసు ముక్కలు వేసి, అంచుదాకా నీళ్ళు పోసి గట్టు మీద పెట్టింది. నేను గిన్నెలు తోమేసరికి కరిగిపోయాయి. చుక్క కూడా పొర్లలేదు. (ఉప్పునీళ్ళయితే కాస్త తేడా వస్తుందిలే అంది.)

"మరి తేలేది కరిగితే నష్టమేంటే?"

"అది వెనకాల నేలమీదున్న మంచుని ఆపుతోందమ్మా."

2002లో లార్సెన్ బి అనే పలక, సుమారు 3,250 చదరపు కిలోమీటర్లు, నెల రోజుల్లో ముక్కలైపోయిందట. అడ్డు పోయాక వెనకున్న హిమానీనదాలు వేగంగా సముద్రంలోకి దిగాయి. సముద్రమట్టం పెంచేది ఆ మంచు. అప్పుడు నేను పురిటికి పుట్టింట్లో ఉన్నాను, ఇదే కడుపులో.

పలక ముందు సముద్రపు మంచు ఉంటే పెద్ద అలలు నేరుగా తగలవు. 2023 ఫిబ్రవరిలో అది దాదాపు 18 లక్షల చదరపు కిలోమీటర్లకి తగ్గింది. ఉపగ్రహాలతో కొలవడం మొదలయ్యాక అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. మావాడి పని, అంటే మా అమ్మాయి పనే, అలవాటైపోయింది, రాడార్ బొమ్మల్లో ఏ పలక ముందు ఎన్నాళ్ళు మంచు లేదో గీతలు గీసి లెక్కకట్టడం. నెలల తరబడి శీతాకాలపు చీకట్లో తీసిన బొమ్మలు చూస్తూ కూర్చుంటుంది. నేనేమో 'అంతా కంప్యూటర్‌లోనే' అన్నాను.

వారం తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. "పెళ్ళయ్యాక ఇవన్నీ మానేస్తుందిగా వదినగారూ?"

మానదండీ అని, ఎందుకు మానదో నాకు తెలిసినంతా చెప్పాను, గాజు గ్లాసుతో సహా. పావుగంట పట్టింది. మళ్ళీ ఫోన్ రాలేదు. మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.