కోటకు నీళ్ళెక్కిన దారి

సూర్యాపేట దాటాక, రాత్రి

ఏమండీ,

మేం క్షేమం. మోకాలికి నూనె రాసుకుంటున్నారా? గేదె ఈనిందా? ఈనితే జున్నుపాలు పక్కింటివాళ్ళకి పంపడం మర్చిపోకండి. పోయినసారి వాళ్ళు గిన్నెడు ఇచ్చారు.

హైవే పక్కన ధాబా వెనక బండి ఆపారు. మనబ్బాయి బుజ్జి అద్దెకు తెచ్చిన ఈ క్యాంపర్ వ్యానులో ఇల్లంతా ఉందండి. వెనక మంచం, దాని కింద బట్టలు, తలుపు పక్కన గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కోవడానికి చిన్న తొట్టి. బీరకాయ తొక్కు పచ్చడి నూరడానికి రోలు లేదు, అంతే లోటు. కోడలు నీళ్ళు మాత్రం కొలిచి ఇస్తోంది. ట్యాంకులో పట్టేది నూరు లీటర్లే, అందుకని మొహానికి ఒక్క మగ్గు. కాలవగట్టున పుట్టినదాన్ని, నాకిది కొత్త.

బెజవాడలో బ్యారేజీ పక్కనుంచే వచ్చాం. మీరుంటే దిగి, నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో కనుక్కుంటే గాని బండి కదలనిచ్చేవారు కాదని మనవడు చిట్టిగాడు కూడా నవ్వాడు. లారీల హారన్లకి నిద్ర పట్టడం లేదు. రాత్రి మీరేం తిన్నారో?

మాదాపూర్, మర్నాటి రాత్రి

ఏమండీ,

ఇవాళ నీళ్ళ దగ్గర తగువు పడ్డాను. హైదరాబాదులోకి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. బళ్ళు కడిగే షాపు దగ్గర పైపు కనబడితే బుజ్జి అడిగాడు. నింపడానికి మూడొందలు అన్నాడతను. నూరు లీటర్లకండీ! బుజ్జి సరేనని ఫోను తీస్తుంటే నేను అడ్డం పడ్డాను. "బాబూ, నీళ్ళకి ఇంత ధరేమిటి? మా ఊళ్ళో ఎకరాలకి ఎకరాలు తడిపేవారు ఒక్క రూపాయి అడగలేదు" అన్నాను. అతను కోప్పడలేదు. లోపలికెళ్ళి ట్యాంకరు రసీదు తెచ్చి చూపించాడు. "బోరు ఎండిపోయిందమ్మా. నేనూ కొని పోస్తున్నవే" అన్నాడు. చివరికి నూటయాభైకి ఒప్పుకున్నాడు. నేను బండెక్కాక బుజ్జి మిగతా డబ్బులూ అతని చేతిలో పెట్టాడని చిట్టిగాడు చెప్పేశాడు. బుజ్జికి మీ మనసే వచ్చింది.

అక్కణ్ణించి నాలుగు వీధులు దాటితే దుర్గం చెరువు. చుట్టూ నల్లరాతి గుట్టలు, వాటి మీద అద్దాల మేడలు, నడుమ 2020లో తెరిచిన తీగల వంతెన. మధ్యలో స్తంభమే లేకుండా రెండొందల మీటర్లకు పైగా సాగిపోయింది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఈ చెరువు నుంచే వెళ్ళేదని బుజ్జి చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మరోటి చూడబుద్ధి కాలేదు. 1998లో వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ తెరిచారే, దాన్ని కూడా బండిలోంచే చూశాను. ఒక కోట దాహం తీర్చిన చెరువు పక్క వీధుల్లో నూరు లీటర్లకు బేరమాడవలసి వచ్చింది. మధ్యాహ్నమంతా మనసు మనసులో లేదు.

బుజ్జి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న హాస్టలు చూపించాడు. ఒక్క గదిలో ఆరు మంచాలు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. అప్పుడు ఫోన్లో "బాగుందమ్మా" అనేవాడు. మీకూ నాకూ ఒక్కనాడు చెప్పలేదు. మెట్ల దగ్గర నిలబడి వాడి వీపు నిమిరాను.

రాత్రి ఆ సందులోనే కర్రీ పాయింటుకి వెళ్ళాం. మెడలో కంపెనీ కార్డులతో పిల్లలు బారులు తీరి ఉన్నారు. దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, సాంబారు ప్యాకెట్లు కడుతున్నావిడ నా మాట వినగానే గరిట ఆపి, "ఆయ్, మీది మా వైపేనాండి?" అంది. అంబాజీపేట దగ్గరట! ఆయన క్యాబు తోలతాడు, పిల్లలిద్దరూ ఇక్కడి బళ్ళోనే. ముందు అడిగిందేమిటో తెలుసా? "కాలవలకి నీళ్ళొదిలారా అండీ?" అని. వదిలారు, మా ఆయన సర్వీసంతా లాకుల దగ్గర లస్కరే, రిటైరైనా రోజూ వెళ్ళి చూసొస్తారు అని చెప్పాను. అంతమంది ముందూ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ వాటాకి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయట, వచ్చేది తెల్లవారుజామున, బిందెలు పట్టుకుని కాచుకోవాలట. పప్పుచారుకి ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. బండిలో కూర్చుని ఆ పప్పుచారుతో అన్నం తింటుంటే ఇంగువ పోపు, చివర్న చిటికెడు బెల్లం నాలుక్కి తగిలాయి. మా అమ్మ పెట్టే తీరే. రెండో ముద్ద గొంతు దిగలేదు. రేపే ఇంటికొచ్చేయాలనిపించింది.

గోల్కొండ, ఆదివారం

ఏమండీ,

పొద్దున్నుంచీ ముసురు. నాకు దగ్గు, కాస్త జ్వరం. భయపడకండి, కోడలు మిరియాల పాలు కాచి ఇచ్చింది.

ఆషాఢ మాసం బోనాలు. దారులన్నీ ఆపేశారు. బండి లంగర్‌హౌస్ వైపే వదిలి నడిచాం. తడుస్తూనే ఆడవాళ్ళు తలమీద బోనాలతో కొండెక్కుతున్నారు. కోట గుమ్మంలో చప్పట్లు కొడితే పైకి వినబడుతుందట. అందరూ కొడుతున్నారు.

నేను సగం దూరమే ఎక్కాను. అక్కడ గోడలో మట్టి గొట్టాలు కనబడ్డాయండి. సున్నంతో అతికి, ఒకదాని నోట్లో ఒకటి పెట్టి గోడ కడుపులోంచి పైకి తీసుకుపోయారు. కింది తొట్టిలో నీళ్ళను చక్రాలతో ఎత్తి పై తొట్టిలో పోయడం, అక్కణ్ణించి మళ్ళీ పైకి, అలా అంచెలంచెలుగా కొండ మీదికి. మీరు చూసి తీరాలి. గన్నవరం అక్విడెక్టు 49 కమానుల మీద కాలవ ఏటిని దాటుతుంటే, నన్ను పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్ళి గంటసేపు నిలబెట్టారు కదా. ఇక్కడ నేను మీకోసం అలా నిలబడ్డాను.

రాణిమహల్ ముంగిట్లో ఫౌంటెన్ ఉంది, ఎండిపోయి ఉంది. కోడలు ఆఫీసు పనిమీద స్పెయిన్ వెళ్ళినప్పుడు గ్రనడాలో అల్‌హాంబ్రా అనే మూర్ రాజుల మహలు చూసిందట. అక్కడ పన్నెండు రాతి సింహాల నోళ్ళలోంచి నీళ్ళు జారుతుంటాయట. దర్రో అనే ఏటికి ఆరు కిలోమీటర్ల ఎగువన అడ్డుకట్ట కట్టి, కాలవ తవ్వి కొండమీది తోటలకి నీళ్ళు తెచ్చారట. వాళ్ళ రాజ్యం 1492లో పోయింది, గోల్కొండది 1687లో ఔరంగజేబు చేతిలో పోయింది. రాజులు ఎక్కడైనా పోతారు. అక్కడ కాలవ చూసుకునే మనిషి మిగిలాడు, ఇక్కడ మిగల్లేదు. ఇంత కోటలో నాకు దిగులు పుట్టించింది అదొక్కటే. తోట వేయించినవాడి పేరు రాతిమీద ఉంటుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి తూము ఎత్తినవాడి పేరు ఎవరూ రాయలేదు.

బేగంపేట, మంగళవారం

ఏమండీ,

జ్వరం తగ్గింది, ఎండ కాసింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

నిన్న ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీల సమాధులు చూశాం. మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా కూడా అక్కడే ఉన్నాడు. గుమ్మటాలు గొప్పవే, కాని నేను ఎక్కువసేపు కూర్చున్నది బడీ బావ్లీ అనే మెట్లబావి దగ్గర. 2013లో వానలకి ఓ పక్క గోడ కూలిపోయిందట. ఆగాఖాన్ ట్రస్టువాళ్ళు పూడిక తీసి, రాయి రాయి పేర్చి మళ్ళీ నిలబెట్టారు. ఇక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడు దాని నిండా వాననీళ్ళు! తోటలోని చెట్లకి అవే పెడుతున్నారట. చిట్టిగాడు మెట్లు దిగుతానంటే కోడలు వాణ్ణి పట్టుకుంది, నన్నెవరూ పట్టుకోలేదు. చూపు ఆననంత లోతు, ముదురాకుపచ్చ నీళ్ళు. నాకైతే పండగ లాగే ఉంది.

ఇవాళ స్పానిష్ మసీదు చూశాం. గేటు బయట నుంచే. పైగా అనే నవాబుల కుటుంబానికి చెందిన వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లో కోర్డోబా మసీదు చూసివచ్చి ఈ పద్ధతిలో మొదలుపెట్టించాడు. ఆయన పోయాక 1906లో పూర్తయింది. మామూలు మినార్ల బదులు మొనదేలిన శిఖరాలు, గుర్రపు లాడం వంపు తిరిగిన కమానులు. కోడలు గుర్తుపట్టి పొంగిపోయింది. ఆ దగ్గర్లోనే పైగా ప్యాలెస్. 2023 వరకూ అమెరికా కాన్సులేట్ అందులోనే ఉండేది. మన అమ్మాయి వీసాకి లోపలికి వెళితే మీరూ నేనూ ఎండలో రోడ్డుమీద నిలబడ్డామే, అదే చోటు! ఆవేళ ఇంత దగ్గర్లో ఇంత అందమైన మసీదు ఉందని మనకి తెలీదు. అమ్మాయికి ఫోటో పంపించాం. "నాన్నని తీసుకెళ్ళలేదేం" అని అడిగింది. నేనూ అదే అంటున్నాను. దసరా తర్వాత మీ మోకాలు సహకరిస్తే గోల్కొండకి మళ్ళీ వద్దాం. ఆ గొట్టాలు ఏ వాటంగా ఎక్కుతున్నాయో మీరు చెబితే గాని నాకు తృప్తిలేదు.

రేపు పొద్దున్నే బయలుదేరతాం. దారిలో ఆ కర్రీ పాయింటావిడ ఇచ్చిన సంచీ అంబాజీపేటలో వాళ్ళమ్మకి అందించాలి. పాలమనిషికి డబ్బులు బియ్యం డబ్బా మీద పెట్టాను, ఇచ్చేయండి. పెరట్లో బెండ మొక్కలకి సాయంత్రం పూటే నీళ్ళు పోయండి.

మీ
సత్యవతి